ఫైవ్ స్టార్ హోటల్లో అమ్మానాన్నల పెళ్లిరోజు పాడైంది. ఇప్పుడు ఏం అడగొచ్చు, ఎవరిని అడగాలి?

నమస్తే అండి. మిగతావాళ్లకి కూడా అర్థం కావాలి కాబట్టి మీరు రాసింది ముందు క్లుప్తంగా చెప్తాను. మీది విజయవాడ. అమ్మానాన్నల నలభయ్యో పెళ్లిరోజుకని హైదరాబాద్ హైటెక్ సిటీ వైపు ఒక ఫైవ్ స్టార్ హోటల్లో శనివారం రాత్రికి రెండు రూములు యాప్‌లో ముందే డబ్బు కట్టి బుక్ చేశారు. ఒక్కో రూము 14,500, జీఎస్టీ కలిపి 17,110. పక్కపక్క రూములు కావాలని బుకింగ్‌లోనే రాశారు. మధ్యాహ్నం రెండింటికి వెళ్తే ఐదు కావస్తుండగా రూములిచ్చారు, అవీ వేర్వేరు ఫ్లోర్లలో. పెద్దవాళ్ల రూములో రెండు సింగిల్ మంచాలు, గదంతా చెమ్మ వాసన, బాత్రూములో మోకాళ్ల నొప్పులున్న నాన్నగారు గట్టు దాటలేని టబ్బు. ఫోన్ చేసిన ప్రతిసారీ "చూస్తాం మేడమ్" అన్నారు. అమ్మగారు స్వయంగా కిందికెళ్లి తెలుగులో అడిగితే కౌంటర్లో అమ్మాయి "హిందీ ఆర్ ఇంగ్లిష్ ప్లీజ్" అని మొహం తిప్పుకుంది. డిన్నర్ బిల్లులో 10 శాతం సర్వీస్ ఛార్జి వేశారు, గదిలో మంచినీళ్ల సీసాకి 200 తీసుకున్నారు, పొద్దున గట్టిగా అడిగితే ఒక కేకు పంపారు. డిపాజిట్ పదివేలు ఇంకా రాలేదు. డబ్బు వెనక్కి వస్తుందా, ఎవరిని అడగాలి, కన్జ్యూమర్ కోర్టుకి వెళ్లడం దండగేనా అన్నది మీ ప్రశ్న.

నేను హైదరాబాద్‌లోనూ విశాఖలోనూ పెద్ద హోటళ్ల ఫ్రంట్ ఆఫీసులో, అంటే రిసెప్షన్ విభాగంలో, చాలా ఏళ్లు చేశాను, అందులో ఎక్కువ కాలం డ్యూటీ మేనేజర్‌గా. ఇప్పుడు కొత్తగా చేరే పిల్లలకి ట్రైనింగ్ ఇస్తుంటాను. కౌంటర్‌కి అవతలి వైపు ఏం జరుగుతుందో తెలుసు కాబట్టి రాస్తున్నాను.

సూటిగా చెప్పాలంటే: కట్టిన డబ్బంతా తిరిగి రాదు. మీరు ఆ రాత్రి అక్కడే ఉన్నారు, పడుకున్నారు, టిఫిన్ చేశారు కాబట్టి ఏ హోటలూ మొత్తం ఇవ్వదు. సర్వీస్ ఛార్జి, దాని మీద వేసిన జీఎస్టీ మాత్రం వెనక్కి రావాలి, అది మీ హక్కు. అమ్మానాన్నల రూము డబ్బులో కొంత, లేదా దాని బదులు ఒక ఉచిత రాత్రి వచ్చే అవకాశం బాగానే ఉంది, కాకపోతే అడగాల్సిన మనిషిని అడగాల్సిన తీరులో అడగాలి. డిపాజిట్ ఎలా కట్టారన్న దాన్ని బట్టి ఉంటుంది, కింద చెప్తాను. నీళ్ల సీసా 200 సంగతి మాత్రం వదిలేయండి. హోటళ్లు, రెస్టారెంట్లు ఎమ్మార్పీ కంటే ఎక్కువ తీసుకున్నా లీగల్ మెట్రాలజీ (తూనికలు, కొలతల) చట్టం కింద నేరం కాదని 2017 డిసెంబరులోనే సుప్రీంకోర్టు చెప్పేసింది. మీ లెటర్‌లో దాన్ని కలిపితే మిగతా గట్టి పాయింట్లు పలచబడతాయి.

ఇప్పుడు అసలు ఇలా ఎందుకు జరిగిందో చెప్తాను. ఇది తెలిస్తేనే ఎక్కడ పట్టుకోవాలో తెలుస్తుంది.

మీరు వెళ్లింది శనివారం, పైగా మీరు చెప్పిన తేదీ చూస్తే ముహూర్తాల రోజులు. అలాంటి రోజున ముందు రాత్రి పెళ్లివాళ్లు అరవయ్యో డెబ్బయ్యో రూములు తీసుకుని ఉంటారు. చెక్-అవుట్ పన్నెండింటికి అని రాసి ఉన్నా, పెళ్లికూతురి మేనమామ ఇంకా స్నానం చేస్తున్నాడనో, సామాను వ్యాన్ రాలేదనో ఒంటిగంటన్నర దాకా ఖాళీ చేయరు, వాళ్లని గట్టిగా అడిగే ధైర్యం హోటల్ చేయదు, ఎందుకంటే ఆ పెళ్లి బిల్లు లక్షల్లో ఉంటుంది. ఖాళీ అయిన రూముని దుప్పట్లు మార్చి, బాత్రూము కడిగి, సూపర్‌వైజర్ వచ్చి చూసి ఓకే అనడానికి ముప్పావుగంట పడుతుంది. హౌస్‌కీపింగ్ పిల్లలు శనివారం కూడా మామూలు రోజంత మందే ఉంటారు. అలా ఒక్కొక్కటిగా రెడీ అయిన రూములు ముందు ఎవరికి వెళ్తాయి? హోటల్ మెంబర్‌షిప్ ఉన్నవాళ్లకి, కంపెనీల వాళ్లకి, నేరుగా హోటల్లో బుక్ చేసుకున్నవాళ్లకి. యాప్‌లో డిస్కౌంట్ రేటుకి వచ్చినవాళ్లు చివర ఉంటారు. దీన్ని ఏ హోటలూ బయటికి ఒప్పుకోదు, కానీ పొద్దున ఎవరికి ఏ రూమో కేటాయించే వరసే ఇది.

పక్కపక్క రూములు కూడా అంతే. యాప్‌లో మీరు రాసిన మాట హోటల్‌కి "రిక్వెస్ట్" కింద వెళ్తుంది, హామీ కింద వెళ్లదు. యాప్ ఆ కింద చిన్న అక్షరాల్లో "అందుబాటును బట్టి" అని రాసుకుంటుంది. పెద్ద మంచం సంగతి మాత్రం వేరు. మీ వోచర్ (యాప్ పంపిన బుకింగ్ కాగితం) మీద రూము రకం "కింగ్" అని అచ్చయి ఉంటే అది మీరు కొన్న సరుకు. దాని బదులు రెండు సింగిల్ మంచాల రూము ఇస్తే అది హోటల్ తప్పే, వాదన అక్కర్లేదు. వోచర్ తీసి ఆ ఒక్క లైను చూడండి. మీ కేసు బలం సగం అక్కడే ఉంది.

చెమ్మ వాసన గురించి. మీరు పెట్టిన ఫోటోలో ఏసీ జాలీ చుట్టూ నల్లటి చుక్కలు కనిపిస్తున్నాయి, కర్టెన్ అంచు కింద కార్పెట్ రంగు మారి ఉంది. కొన్ని రోజులు అమ్ముడుపోకుండా ఏసీ ఆపేసి మూసి ఉంచిన రూములు వానాకాలంలో ఇలాగే తయారవుతాయి. రూము తెరిచి రూమ్ ఫ్రెషనర్ కొట్టి ఇచ్చేస్తారు. మొదటి అరగంట నిమ్మకాయ వాసన వస్తుంది, తర్వాత అసలుది బయటపడుతుంది. మామూలుగా ఇలాంటి రూముని మెయింటెనెన్స్ కింద పక్కన పెట్టాలి, అమ్మకూడదు. ఆ రోజు హౌస్ ఫుల్ కాబట్టి అమ్మేశారు. పెద్దవాళ్లని, అందులో ఒకరికి ఆయాసం ఉందని మీరు రాశారు, అలాంటి గదిలో పడుకోబెట్టారంటే నాకు నిజంగా బాధేసింది. మీ లెటర్‌లో ఈ ఫోటో తప్పకుండా పెట్టండి. తేదీ, టైము ఫోన్‌లో ఫోటో వివరాల్లో ఉంటాయి కాబట్టి ఒరిజినల్ ఫైల్ డిలీట్ చేయకండి, వాట్సాప్‌లో పంపుకున్న కాపీలో అవి పోతాయి.

మరి అన్నిసార్లు ఫోన్ చేసినా ఎవరూ ఎందుకు రాలేదు? మీరు రాసిన టైములు చూడగానే నాకు కారణం తెలిసిపోయింది. ఫ్రంట్ ఆఫీసులో పొద్దున షిఫ్ట్ ఏడు నుంచి మూడు, మధ్యాహ్నం షిఫ్ట్ మూడు నుంచి పదకొండు, అక్కడి నుంచి నైట్. మీరు రెండింటికి వచ్చి మాట్లాడిన అబ్బాయి మూడింటికి ఇంటికి వెళ్లిపోయాడు. అతను "రూములు పక్కపక్కన చూస్తాను" అన్న మాట లాగ్‌బుక్‌లో రాసి ఉంటే తర్వాతివాళ్లకి తెలిసేది, రాయకపోతే మీరు ఆ మాట అడగనట్టే. ఫోన్ చేసినప్పుడు ఎత్తేది రిసెప్షన్ కూడా కాదు, ఎక్కడో బేస్‌మెంట్‌లో కూర్చునే ఆపరేటర్. వాళ్లు ఇంకో డిపార్ట్‌మెంట్‌కి మెసేజ్ పంపి తమ పని అయిపోయిందనుకుంటారు. రూము మార్చే అధికారం, బిల్లులో తగ్గించే అధికారం ఆపరేటర్‌కి లేదు, కౌంటర్లో ఉన్న పిల్లలకీ లేదు. ఆ షిఫ్ట్‌లో ఆ అధికారం ఉన్నది డ్యూటీ మేనేజర్ ఒక్కరికే. ప్రతి షిఫ్ట్‌లో ఒకరుంటారు, అర్ధరాత్రి కూడా ఉంటారు. లాబీలోకి వెళ్లి "డ్యూటీ మేనేజర్‌ని పిలవండి" అంటే పిలిచి తీరాలి.

అందుకే నేను అందరికీ చెప్పే మాట ఒకటే, ఫిర్యాదు ఆ హోటల్లో ఉండగానే చేయండి. బంతిలో కూర్చున్నప్పుడు అడిగితే వడ్డిస్తారు, చేతులు కడుక్కుని వచ్చాక అడిగితే మొహమొహాలు చూసుకుంటారు. రాత్రి ఎనిమిదింటికి చెప్తే డ్యూటీ మేనేజర్ చేతిలో పది మార్గాలుంటాయి. వేరే రూము, పై కేటగిరీ రూము, డిన్నర్ బిల్లు మాఫీ, పొద్దున ఆలస్యంగా చెక్-అవుట్, ఇలా ఏదైనా. పొద్దున పదకొండింటికి బిల్లు దగ్గర చెప్తే మిగిలేది కేకు.

ఒక ఉదాహరణ చెప్తాను. రాజమండ్రి వైపు నుంచి ఒక రిటైర్డ్ మాస్టారు, ఆయన భార్య మా హోటల్‌కి వచ్చారు. రాత్రి ఏసీ నుంచి నీళ్లు కారి మంచం పక్కన కార్పెట్ తడిసింది. ఆయన ఫోన్ చేయలేదు. చొక్కా మార్చుకుని నెమ్మదిగా లాబీకి వచ్చి డ్యూటీ మేనేజర్ ఎవరని అడిగి, నా ఎదురుగా కూర్చుని, "బాబూ, రెండే మాటలు. పావుగంటలో ఇంకో రూము ఇవ్వండి. లేదా ఈ రాత్రికి డబ్బు తీసుకోకండి, మేం మా తమ్ముడి ఇంటికి వెళ్లిపోతాం" అన్నారు. ఆ రాత్రి మామూలు రూము ఒక్కటీ ఖాళీ లేదు, ఒక సూట్, అంటే బాగా ఖరీదైన పెద్ద రూము, ఉంది. సూట్ తాళం ఇచ్చాను. ఆయన గొంతు పెంచలేదు, రివ్యూ రాస్తానని బెదిరించలేదు. ఆయన అడిగిన రెండూ నేను ఎవరికీ ఫోన్ చేయకుండా ఇవ్వగలిగినవి. అందుకే పని అయింది.

దీనికి పూర్తి వ్యతిరేకం కూడా చూశాను. ఒకాయన సమస్య నిజమైనదే, బాత్రూములో వేడినీళ్లు రాలేదు. కానీ లాబీలో ఫోన్ పట్టుకుని వీడియో తీస్తూ అరిచాడు. వీడియో మొదలవగానే హోటల్లో మనుషులు మాట్లాడటం మానేస్తారు, పై నుంచి "ఏమీ ఒప్పుకోవద్దు" అని ఫోన్ వస్తుంది, సెక్యూరిటీ వచ్చి నిలబడుతుంది. అంతవరకూ సాయం చేద్దామనుకున్నవాళ్లు కూడా వెనక్కి తగ్గుతారు. ఆయనకి చివరికి విచారం తెలుపుతూ ఒక ఉత్తరం వచ్చింది, అంతే.

మీ విషయంలో ఇంకొకటి గమనించాను. "గొడవెందుకమ్మా, ఒక్క రాత్రే కదా అని అమ్మ ఆపేసింది" అని రాశారు. మన అమ్మలందరూ అంతే. వాళ్లకి పిల్లలు ఖర్చు పెట్టారన్న బెంగ ఒకటి, తమ వల్ల రభస జరుగుతోందన్న మొహమాటం ఒకటి. కానీ మర్యాదగా అడిగితే అది గొడవ కాదండి. డ్యూటీ మేనేజర్ జీతం తీసుకునేదే దాని కోసం. నెమ్మదిగా వచ్చి స్పష్టంగా చెప్పే గెస్ట్ అంటే మాకు గౌరవం.

ఇక భాష సంగతి. నా దృష్టిలో జరిగిన వాటన్నింటిలో పెద్ద తప్పు ఇది, వాసన కంటే, ఆలస్యం కంటే. హైదరాబాద్ హోటళ్లలో కౌంటర్ దగ్గర పనిచేసే పిల్లల్లో చాలామంది డార్జిలింగ్, మణిపూర్, ఉత్తరాఖండ్, బెంగాల్ నుంచి వచ్చినవాళ్లు. ఇల్లు వదిలి వచ్చి గంటల తరబడి నిలబడి పనిచేస్తారు, వాళ్లకి తెలుగు రాకపోవడం వాళ్ల నేరం కాదు. కానీ ఏ షిఫ్ట్‌లోనైనా సామాను మోసేవాళ్ల బెల్ డెస్క్ దగ్గరో, గుమ్మం దగ్గరో, సెక్యూరిటీలోనో తెలుగు వచ్చినవాళ్లు కనీసం నలుగురుంటారు. "ఒక్క నిమిషం అమ్మా, కూర్చోండి" అని కుర్చీ చూపించి, తెలుగు తెలిసిన మనిషిని పిలవాలి. ఆ ఒక్క వాక్యం నేర్పకపోవడం హోటల్ తప్పు. తెలంగాణ రాజధానిలో హోటల్ పెట్టుకుని, తెలుగులో మాట్లాడిన పెద్దావిడని కౌంటర్ దగ్గర నిలబెట్టి వెనక్కి పంపడం ఏం మర్యాద? నేను ట్రైనింగ్ ఇచ్చే ప్రతి బ్యాచ్‌కి మొదటి రోజే ఈ వాక్యం వల్లె వేయిస్తాను. మీరు లెటర్‌లో దీన్ని చివర ఒక లైనులో పెట్టకండి, మొదట పెట్టండి. ఆ అమ్మాయి పేరు తెలిసినా రాయకండి, టైము, కౌంటర్ చాలు. పేరు రాస్తే ఆ పిల్ల ఉద్యోగం మీద పెట్టేసి హోటల్ చేతులు దులుపుకుంటుంది. పేరు లేకపోతే ట్రైనింగ్ గురించి జవాబు చెప్పాల్సి వస్తుంది.

ఇప్పుడు చేయాల్సిన పని.

మెయిల్ జనరల్ మేనేజర్‌కి రాయండి. హోటల్ వెబ్‌సైట్‌లో కనిపించే రిజర్వేషన్స్ ఐడీకి కాదు. రిసెప్షన్‌కి ఫోన్ చేసి జనరల్ మేనేజర్ ఆఫీసు మెయిల్ ఐడీ అడిగితే ఇస్తారు. ఫ్రంట్ ఆఫీస్ మేనేజర్‌ని కూడా కాపీలో పెట్టండి. హోటల్ ఏదైనా పెద్ద చైన్‌కి చెందిందైతే వాళ్ల గెస్ట్ రిలేషన్స్‌కి కూడా పంపండి, అక్కడ ఫైల్ ఓపెన్ అయితే హోటల్ ఇన్ని రోజుల్లో జవాబివ్వాలన్న లెక్క మొదలవుతుంది. ఆలస్యం చేయకండి. చాలా చోట్ల సీసీటీవీ నెల రోజులకి మించి ఉంచరు. మీరు చెక్-ఇన్ చేసిన టైము మాత్రం వాళ్ల సిస్టమ్‌లో నిమిషంతో సహా ఉంటుంది, అంత త్వరగా పోదు.

లెటర్ అర పేజీ దాటకూడదు. గుంటూరు నుంచి ఒకావిడ రాసిన లెటర్ నాకు ఇప్పటికీ గుర్తుంది. టైముల వారీగా నాలుగు విషయాలు, రెండు ఫోటోలు, చివర్న ఏం కావాలో ఒక్క కోరిక. తిట్టు లేదు, "ఇంత పెద్ద హోటల్ అయ్యుండి" లాంటి మాట లేదు. పొద్దున బ్రీఫింగ్‌లో జనరల్ మేనేజర్ దాన్ని పైకి చదివి, ఇందులో ఏది అబద్ధమో చెప్పండి అన్నారు. ఎవరూ మాట్లాడలేదు. ఆవిడకి ఒక రాత్రి డబ్బు వెనక్కి వెళ్లింది. మీది ఇంచుమించు ఇలా ఉంటే చాలు, ఇంగ్లీషులో పెట్టుకోండి:

"ఫలానా తేదీన ఫలానా బుకింగ్ నంబరు మీద మా తల్లిదండ్రుల నలభయ్యో పెళ్లిరోజుకి మీ హోటల్లో దిగాం. సాయంత్రం ఆరింటికి మా అమ్మగారు రిసెప్షన్‌లో తెలుగులో సాయం అడిగితే మాట్లాడేవాళ్లని పిలవకుండా వెనక్కి పంపారు. రెండింటికి వస్తే 4.50కి రూములిచ్చారు. వోచర్‌లో కింగ్ బెడ్ ఉంటే రెండు సింగిల్ బెడ్ల రూము ఇచ్చారు. రూములో చెమ్మ, ఫోటోలు జత చేశాను. 5.20కి, 6.40కి, 8.15కి ఫోన్ చేశాం, ఎవరూ రాలేదు. ఆ రూముకి కట్టిన 17,110 రూపాయలు తిరిగి ఇవ్వాలని, డిన్నర్ బిల్లులో వేసిన సర్వీస్ ఛార్జి, దానిపై జీఎస్టీ కలిపి 802.40 వాపసు చేయాలని కోరుతున్నాను. ఏడు రోజుల్లో మీ జవాబు కోసం చూస్తాను."

రెండు రూములకీ అడగకండి. మీ రూములో ఆలస్యం తప్ప వేరే లోపం లేదని మీరే రాశారు. అమ్మానాన్నల రూముకి మొత్తం అడిగితే సగమో, ఒక ఉచిత రాత్రో దగ్గర తేలుతుంది. అన్నింటికీ కలిపి లక్ష అడిగితే ఫైల్ లీగల్ వాళ్ల దగ్గరికి వెళ్తుంది, ఇక నెలల తరబడి కదలదు.

సర్వీస్ ఛార్జి లెక్క. మీ బిల్లులో తిండి 6,800, సర్వీస్ ఛార్జి 680, మొత్తం 7,480 మీద 18 శాతం జీఎస్టీ 1,346.40 వేశారు. అంటే సర్వీస్ ఛార్జి మీద కూడా 122.40 పన్ను కట్టారు. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూలై 4న ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం హోటల్ గానీ రెస్టారెంట్ గానీ సర్వీస్ ఛార్జిని తనంతట తానుగా బిల్లులో కలపకూడదు, వేరే పేరు పెట్టి తీసుకోకూడదు, తిండి బిల్లుతో కలిపి దాని మీద జీఎస్టీ వేయకూడదు. హోటల్, రెస్టారెంట్ సంఘాలు దీని మీద ఢిల్లీ హైకోర్టుకి వెళ్లాయి. 2025 మార్చి 28న కోర్టు ఆ మార్గదర్శకాలు సరైనవేనని తీర్పిచ్చి, కేసు వేసిన రెండు సంఘాలూ ఖర్చుల కింద చెరో లక్ష కట్టాలంది. "మా మెనూలో రాసి పెట్టాం కదా" అని కౌంటర్లో చెప్తారు. రాసి పెట్టినంత మాత్రాన సరిపోదు. ఇవ్వడం మీ ఇష్టం. మీకు వడ్డించిన అబ్బాయి బాగా చూసుకుంటే అతని చేతిలో పెట్టండి, అది వేరే సంగతి.

హోటల్ ఇవ్వకపోతే 1915కి ఫోన్ చేయండి. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులోనూ మాట్లాడొచ్చు. అక్కడ నమోదైన ఫిర్యాదు హోటల్‌కి వెళ్లగానే ఇంత చిన్న మొత్తం కోసం ఎందుకని చాలా చోట్ల వెంటనే వెనక్కి వేసేస్తారు.

డిపాజిట్. కార్డు మీద ఇచ్చి ఉంటే చాలాసార్లు అది కట్ అవ్వదు, బ్యాంకు ఆ మొత్తాన్ని పట్టి ఉంచుతుంది అంతే. హోటల్ వదిలేయమని చెప్పాక క్రెడిట్ కార్డులో త్వరగానే కనిపిస్తుంది, డెబిట్ కార్డులో వారం పది రోజులు పట్టొచ్చు. మీరు యూపీఐలో కట్టానన్నారు. అది నిజంగా హోటల్ ఖాతాలోకి వెళ్లిపోయిన డబ్బు, తనంతట తాను తిరిగి రాదు. అకౌంట్స్ వాళ్లు కూర్చుని రీఫండ్ చేయాలి. ఫ్రంట్ ఆఫీసుకి మెయిల్ పెట్టి రీఫండ్ చేసిన తేదీ, యూటీఆర్ నంబరు (బ్యాంకు లావాదేవీ నంబరు) అడగండి. నంబరు ఇవ్వలేకపోతే ఇంకా చేయలేదని అర్థం. ఇకముందు డిపాజిట్‌కి క్రెడిట్ కార్డే ఇవ్వండి.

యాప్‌తో వచ్చే చిక్కు. రూము డబ్బు మీరు యాప్‌కి కట్టారు, హోటల్‌కి కాదు. అందుకే హోటల్‌ని అడిగితే యాప్‌ని అడగమంటుంది, యాప్‌ని అడిగితే హోటల్ ఒప్పుకోవాలంటుంది. ఈ తిరుగుడు ఆపాలంటే, హోటల్ ఎంత ఇవ్వడానికి ఒప్పుకుందో ఆ మొత్తం రాసి "రీఫండ్‌కి మాకు అభ్యంతరం లేదు" అని యాప్‌కి మెయిల్ పెట్టమనండి, మిమ్మల్ని కాపీలో ఉంచమనండి. ఆ మెయిల్ చేతిలో ఉంటే యాప్ కస్టమర్ కేర్ వాళ్లు సాగదీయలేరు.

కన్జ్యూమర్ కమిషన్, అంటే మీరడిగిన కన్జ్యూమర్ కోర్టు, సంగతి. దండగ కాదు, కానీ చివరి మెట్టు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు ఉండే జిల్లాలోనే వేయొచ్చు, హైదరాబాద్ రానక్కర్లేదు. రెండేళ్ల లోపు వేయాలి. కట్టిన సొమ్ము ఐదు లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు. ఈ-జాగృతి అనే ప్రభుత్వ పోర్టల్లో ఇంటి నుంచే వేసుకోవచ్చు, లాయర్ తప్పనిసరి కాదు. కానీ మానసిక వేదనకి లక్షలొస్తాయని ఎవరైనా చెప్తే నమ్మకండి. ఢిల్లీలో ఒక హోటల్ సెలూన్‌లో జుట్టు తప్పుగా కత్తిరించిన కేసులో జాతీయ వినియోగదారుల కమిషన్ రెండు కోట్లు ఇమ్మంటే, 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ మొత్తాన్ని కొట్టేసి, నష్టం ఎంతో ఆధారాలతో చూపించాలని తిప్పి పంపింది. మీ దగ్గరున్న ఆధారాలు వోచర్, బిల్లు, ఫోటోలు, ఫోన్ చేసిన టైములు. వాటితో రూము డబ్బు, కొంత పరిహారం, కొంత ఖర్చులు అడగడం న్యాయంగా ఉంటుంది. హోటల్ పదిహేను రోజులైనా జవాబివ్వకపోతే, లేదా "మీ అభిప్రాయానికి ధన్యవాదాలు" అని రెండు లైన్లు పంపి ఊరుకుంటే నేనైతే వేస్తాను.

మళ్లీ అమ్మానాన్నలని ఎక్కడికైనా తీసుకెళ్లేటప్పుడు పనికొచ్చేవి రెండు మూడు చెప్తాను. యాప్‌లో కనిపించే నక్షత్రాలని చూసి మోసపోకండి. అసలు స్టార్ వర్గీకరణ కేంద్ర పర్యాటక శాఖ కమిటీ ఇస్తుంది, ఐదేళ్లకోసారి మళ్లీ తీసుకోవాలి, తీసుకోవడం తప్పనిసరి కూడా కాదు. చాలా హోటళ్లు తీసుకోవు. బుక్ చేశాక ముందు రోజు హోటల్‌కి నేరుగా ఫోన్ చేసి డ్యూటీ మేనేజర్‌తో మాట్లాడి, ఎన్నింటికి వస్తున్నారో, పెద్దవాళ్లున్నారని, టబ్బు లేని షవర్ బాత్రూము కావాలని చెప్పండి. షవర్లో కూర్చునే స్టూలు, రబ్బరు మ్యాటు చాలా హోటళ్లలో ఉంటాయి, అడిగినవాళ్లకే ఇస్తారు. హైటెక్ సిటీ వైపు హోటళ్లు సోమవారం నుంచి గురువారం దాకా కంపెనీల వాళ్లతో, ముహూర్తాలుంటే శనివారం పెళ్లిళ్లతో నిండిపోతాయి. ఆదివారం రాత్రి అన్నింటికంటే ఖాళీగా ఉంటుంది, ఆషాఢంలో హోటల్ ఫంక్షన్ హాళ్లు బోసిపోయి ఉంటాయి. అదే రూము తక్కువకి వస్తుంది, మనిషికి మనిషి నిలబడి చూసుకుంటారు. గదిలోకి వెళ్లాక సూట్‌కేసు విప్పకముందే మంచం, బాత్రూము, ఏసీ, వాసన చూసుకోండి. నచ్చకపోతే మంచం మీద కూర్చోకుండానే ఫోన్ చేయండి. వాడని రూముని మార్చడం మాకు తేలిక, దుప్పటి నలిగిందంటే మళ్లీ హౌస్‌కీపింగ్‌ని పిలవాలి.

చివరిగా, డబ్బు బదులు ఉచిత రాత్రి ఇస్తామని హోటల్ అంటే వెంటనే ఒప్పుకోకండి, కాదనకండి కూడా. ఏ కేటగిరీ రూము, ఎంతమందికి టిఫిన్ కలిపి, ఎప్పటిదాకా చెల్లుతుంది, శని ఆదివారాలు వర్తిస్తుందా, పన్ను ఎవరు కట్టాలి అన్నవి జనరల్ మేనేజర్ ఆఫీసు నుంచి మెయిల్లో రాయించుకోండి. వోచర్ అమ్మగారి పేరు మీద తీసుకోండి. ఏడాది కంటే తక్కువ గడువు ఇస్తే పొడిగించమని అడగండి, ఇస్తారు. హోటల్ జవాబు వచ్చాక ఏం రాశారో ఇక్కడ పెట్టండి, చూసి చెప్తాను.